చిత్రకళను విడిచి బోధనను వరించిన విద్యార్థి



పరీక్షల ఫలితములు వెలువడు దినములలో మన గ్రామములయందు ప్రతి యరుగుమీదను ఒకే ప్రసంగము వినవచ్చును. "అబ్బాయిని ఏమి చదివించెదరు?" అని యొకరు ప్రశ్నింతురు. ఇంజినీరని యొకరు, వైద్యుడని వేరొకరు బదులు చెప్పుదురు. "పంతులుగా చేసెదము" అనువారు అరుదు. ఎవరైన అట్లన్నచో, పాపము, వేరేమియు దొరకలేదు కాబోలునని వినువారు జాలిపడుదురు. తెలివిగల రైతు కళ్ళమునందు ముందుగా విత్తనమునకు గట్టిగింజను తీసి పెట్టి, పిదప మిగిలినదానిని అమ్ముకొనును. విద్యావిషయమున మాత్రము మనము గట్టిగింజ నంతయు అంగడికి పంపి, తాలును విత్తనముగా నుంచుకొన జూచుచున్నాము. రాబోవు పంట యెట్లుండునో చెప్ప నక్కరలేదు.

డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్రము చదువుచున్న ఒక రైతుబిడ్డ యిటీవల నాతో తన మనస్సులోని మాట చెప్పెను. అతనికి ఉపాధ్యాయుడు కావలెనని కోరిక. కాని మూడు సందేహము లతనిని పీడించుచున్నవి. నాకు వచ్చిన విద్య యెంత, నే నొకరికి నేర్పదగినవాడనా యనునది మొదటిది. ఇంతకంటె పేరును ధనమును దెచ్చు మార్గముండగా దీనిని పట్టుట వివేకమా యనునది రెండవది. తండ్రి అప్పుచేసి చదివించుచుండగా, ఆ నాలుగెకరముల భూమిని విడిచి బడిలో కూర్చుండుట ద్రోహము కాదా యనునది మూడవది. ఈ సందేహములు ఆ యొక్క బాలునివే కావు. మన యిండ్లలో చదువుకొను బిడ్డలలో పెక్కురకు గలవు. నోరు విప్పి చెప్పువారు కొందరే. వీనికి నా మాటలతో గాక, ఒక విద్యార్థి జీవితముతో సమాధానము చెప్పదలచితిని.

ఆ విద్యార్థి పేరు జార్జి వాషింగ్టన్ కార్వరు. అమెరికా సంయుక్త రాష్ట్రములలోని మిస్సోరి రాష్ట్రమున, డైమండ్ అను పల్లెకు సమీపమున, సుమారు 1864వ సంవత్సరమున బానిస తల్లికి జన్మించెను. శిశువుగా నున్నప్పుడే దోపిడిగాండ్రు తల్లీబిడ్డల నెత్తుకొనిపోయిరి. బిడ్డ తిరిగి దొరకెను. తల్లి జాడ యెన్నడును తెలియలేదు. యజమానియైన రైతు దంపతులే యతనిని పెంచిరి. ఆ చుట్టుపట్ల బడిలో నల్లజాతి పిల్లలను చేర్చుకొననందున, బాలుడు చదువుకై యిల్లు విడిచి నియోషో అను పట్టణమునకు పోయెను. అది మొదలు ఊరూర వంటపనియు, చాకలిపనియు చేసికొనుచు ఉన్నత పాఠశాల చదువు ముగించెను. ఒక కళాశాల ఉత్తరము ద్వారా చేర్చుకొందుమని వ్రాసి, అతడు పోయి నిలిచినంతనే రంగు చూచి వెనుకకు పంపివేసెను.

ఆ యవమానము పిమ్మట అతడు కాన్సస్ రాష్ట్రమున పచ్చికగడ్డల యిల్లు కట్టుకొని సేద్యము చేసెను. 17 ఎకరములు తన చేతులతోనే దున్నెనందురు. నీరు చాలని ఆ నేలమీద కష్టపడుట యెట్టిదో మెట్టరైతులకు నేను వర్ణింప బనిలేదు. 1888లో చదువుకొరకు బ్యాంకులో 300 డాలర్లు అప్పు తీసికొనెను. కావున అప్పును సేద్యమును ఎరుగని దొరబిడ్డ కథ గాదిది.

1890లో అయోవా రాష్ట్రమునందలి సింప్సన్ కళాశాలలో చేరినప్పుడు అతడు కోరినది వ్యవసాయము గాదు, ఉపాధ్యాయత్వము గాదు, చిత్రలేఖనము. పువ్వులను, మొక్కలను మిక్కిలి చక్కగా చిత్రించెడివాడు. అతనికి చిత్రలేఖనము నేర్పిన ఎట్టా బడ్ అను ఉపాధ్యాయిని ఆ బొమ్మలను జూచి, యీతనికి కుంచెకంటె మొక్కమీదనే ప్రేమ యెక్కువగా నున్నదని గ్రహించెను. ఆమె తండ్రి ఏమ్స్ నగరమందలి వ్యవసాయ కళాశాలలో తోటల పెంపక శాస్త్రమునకు ఆచార్యుడు. అక్కడ చేరి వృక్షశాస్త్రము చదువుమని ఆమె ప్రోత్సహించెను. 1891లో అతడు ఆ కళాశాలలో మొట్టమొదటి నల్లజాతి విద్యార్థిగా చేరెను. చిత్రకళ యంతటితో చచ్చిపోలేదు. 1893లో చికాగో నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనమునందు అతని చిత్రము ప్రశంస నందెను. కాని అతని నిర్ణయము మారలేదు. కూలినుండి పైకి వచ్చిన తన జనులకు బొమ్మలకంటె పంట ముందుగా కావలెనని అతడు తలచెను.

మన విద్యార్థి రెండవ సందేహమునకు సమాధాన మిక్కడ నున్నది. కార్వరు పేరు తెచ్చు మార్గము నెరుగనివాడు కాడు. దానిని చేతబట్టియు విడిచినవాడు. 1894లో పట్టమునొంది, ఆచార్యుడు పామ్మెల్ సలహాపై అక్కడనే నిలిచి, మొక్కల బూజుతెగుళ్లను పరిశోధించుచు, క్రింది తరగతులకు పాఠములు చెప్పుచు, 1896లో ఉన్నత పట్టము గూడ పొందెను. ఆ కళాశాల బోధకులలోను అతడే మొదటి నల్లజాతివాడు.

ఆ దినములలో అతడొక ఆచార్యుని చిన్నకుమారుని వెంటబెట్టుకొని పొలములలో నడుచుచు, గడ్డికిని గడ్డికిని భేదమెట్లు కనుగొనవలెనో, పువ్వునందు గింజ యెట్లు కట్టునో చూపెడివాడు. ఆ బాలుడు హెన్రీ వాలెస్. ఇతడు పెద్దవాడై 1926లో సంకర మొక్కజొన్న విత్తనముల వ్యాపారసంస్థను స్థాపించెను. 1941 మొదలు 1945 వరకు అమెరికా ఉపాధ్యక్షుడుగా నుండెను. మొక్కలమీద తనకు మొదట ప్రీతి గలిగించినది కార్వరేయని అతడు పిమ్మట చెప్పుకొనెను. ఇది మొదటి సందేహమునకు సమాధానము. కార్వరు అప్పటికి సమస్తము నెరిగిన పండితుడు గాడు, తానును విద్యార్థియే. తానెరిగిన గడ్డిపోచను ప్రేమతో ఎరుగనివానికి చూపెను, అంతియే. పూర్తిగా నేర్చిన పిమ్మటనే నేర్పెదనని కూర్చుండువాడు ఎన్నటికిని నేర్పజాలడు. అయితే తెలియనిది తెలిసినట్లు చెప్పరాదు. ఆ నియమమొక్కటి చాలును.

1896లోనే బుకర్ టి. వాషింగ్టన్ అను విద్యావేత్త, అలబామా రాష్ట్రమున తాను 1881 నుండి నడుపుచున్న టస్కెగీ విద్యాలయమునకు రమ్మని యతనిని పిలిచెను. ఏమ్స్‌లో ప్రయోగశాల, గ్రంథాలయము, గౌరవము కలవు. టస్కెగీలో ప్రయోగశాలయే లేదు. అతడు విద్యార్థులను తీసికొనిపోయి పారవేసిన సీసాలు, డబ్బాలు ఏరి తెచ్చి వానితోనే పరికరములు చేయించెను. చుట్టును కౌలురైతులు, ఏటేట పత్తియే పత్తి వేసి పీల్చబడిన నేలలు, పంట రాకమునుపే ముగిసిన అప్పులు.

ఈ రైతులకు కార్వరు చెప్పిన మాట మనకును పనికివచ్చునదే. పత్తి వెనుక పత్తి వేయకుడు. నడుమ అలసందలు, వేరుసెనగ, చిలగడదుంప వేయుడు అని బోధించెను. అలసంద, వేరుసెనగల వేళ్లయందలి బుడిపెలలో నివసించు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్క కందించునని మనము నేడు ప్రదర్శన క్షేత్రములలో చెప్పుచున్నదే ఆయన నాడు చెప్పెను. ఎరువు కొనలేనివారు అడవి ఆకులను, చిత్తడినేలల మట్టిని ప్రోగుచేసి వాడుకొనవలెనని చూపెను. పత్తికాయలను తొలుచు ముక్కుపురుగు ఆ రాష్ట్రమును ముట్టడించి పత్తిని పాడుచేసినప్పుడు, వేరుసెనగ యెరిగిన రైతులకు నిలువ నీడ దొరకెను. వేరుసెనగ వెన్నను కనిపెట్టినవాడు ఆయనయే యని కొందరు వ్రాయుదురు గాని యది నిజము గాదు. ఆయన చేసినది అంతకంటె నెక్కువ: పేదయిల్లాలు వేరుసెనగతో వండుకొనదగిన వంటకములను తేటమాటలలో కరపత్రములుగా వ్రాసి పంచెను. అట్టి కరపత్రములు నలుబదికి పైగా వెలువడినవి. అనంతపురము సీమలో వేరుసెనగ నమ్ముకొని బ్రతుకు మన సోదరులు ఈ సంగతి తెలిసికొని సంతసింతురు గాక.

బడికి రాలేని రైతుకొరకు బడియే రైతు కడకు పోవలెనని ఆయన తలచెను. 1906లో కంచరగాడిదలు లాగు నొక బండిని తన యాలోచన ప్రకారము కట్టించి, నాగళ్లు, విత్తనములు, వెన్నచిలుకు యంత్రము మొదలగువానితో నింపి పల్లెలకు పంపిరి. ధనమిచ్చిన దాత పేర అది జెసప్ బండి యని పిలువబడెను. నావంటి వ్యవసాయ ప్రదర్శకులు నేడు ఊరూర తిరిగి చేయుపనికి అట్టి బండ్లే ముత్తాతలు.

ఇక మూడవ సందేహము. కార్వరు ఉపాధ్యాయుడై భూమిని విడిచెనా? సొంత సేద్యమును విడిచెను, భూమిని విడువలేదు. ఒక చేనికి మారుగా వేలకొలది చేలను బాగుచేసెను. రైతుబిడ్డ బడిపంతులైనచో, లెక్కలు చెప్పునప్పుడు ఎరువు మోతాదును, శాస్త్రము చెప్పునప్పుడు వేరుబుడిపెను చూపగలడు. పట్టణమున పెరిగినవాడు పుస్తకములోని బొమ్మ చూపును. ఇతడు మొక్కను పెరికి చూపును.

కార్వరు లోపములు లేనివాడని చెప్పను. కోళ్లశాల నిర్వహణము, లెక్కపత్రములు, తోడి యుద్యోగులతో సర్దుబాటు ఇవి యతనికి చేతగాలేదు. వాషింగ్టన్ 1911లో అతనికి వ్రాసిన లేఖలో ఈ కొరతలను దాచక తెలిపి, బోధకుడుగా అతని గొప్పతనమును మాత్రము ఒప్పుకొనెను. ఒక మనుష్యుడు అన్ని పనులకును తగడు. తగినది ఏదో యెరుగుటయే వివేకము. 1943 జనవరి 5న మరణించువరకు, 47 సంవత్సరములు, ఆయన ఆ విద్యాలయమును విడువలేదు. కూడబెట్టినదానిని పరిశోధనకై యిచ్చివేసెను.

తండ్రులు కొన్ని వ్యవహారములుగూడ తెలిసికొనవలెను. ఒకటి మొదలు ఐదు తరగతులకు బోధింపగోరువాడు డి.ఎల్.ఎడ్. శిక్షణ పొందవలెను, బి.ఎడ్. ఆ తరగతులకు అర్హత గాదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఈ భేద మెరుగక రుసుము చెల్లించి చిక్కుకొనినవారు కలరు. శిక్షణతో ఉద్యోగము రాదు. టెట్ అను అర్హత పరీక్షయు, పిదప నియామక పరీక్షయు గలవు. టెట్ ధ్రువపత్రము జీవితాంతము చెల్లునని 2021లో నిర్ణయింపబడెను. 2009 విద్యాహక్కు చట్టము ఉపాధ్యాయుడు ప్రైవేటు ట్యూషనులు చెప్పరాదని శాసించుచున్నది. కావున పైరాబడి నాశించువాడు ఈ వృత్తికి రాకుండుటయే మేలు. ఉద్యోగము దొరకుటకు ఏండ్లు పట్టవచ్చును. ఆ యేండ్లలో కుటుంబమెట్లు నడచునో అప్పు చేయుటకు ముందే లెక్క వేసికొనుడు.

బిడ్డ మనస్సు నెరుగుట కొక్క యుపాయము చెప్పి ముగింతును. నేల తగునో తగదో తెలియనప్పుడు మనము ఎకరమంతయు విత్తము. ఒక మడిలో విత్తి చూతుము. అట్లే వేసవి సెలవులలో అబ్బాయినిగాని అమ్మాయినిగాని వీధిలోని పదిమంది పిల్లలకు సాయంకాలము ఒక గంట పాఠము చెప్పనిండు. వారమునకే విసుగు పుట్టినచో ఆ నేల దానికి తగదు; ధనము వ్యర్థపరుపకుడు. అర్థముగాని పిల్లవాని కొరకు మరునాడు వేరొక మార్గము వెదకుకొని వచ్చినచో, మొలక వచ్చినదని యెంచుడు. అప్పుడు "పంతులుగా చేసెదము" అని అరుగుమీద తలయెత్తి చెప్పుడు.