తప్పొప్పుల పట్టికతో నడచిన ప్రోగ్రాములు

పాత తెలుగు పుస్తకముల చివరి పుటలో “తప్పొప్పుల పట్టిక” ఒకటి కనిపించును. పుట ఇంత, పంక్తి ఇంత, తప్పు ఇది, ఒప్పు ఇది అని అందులో వరుసగా ఉండును. నాలుగు అక్షరదోషముల కొరకు పుస్తకమంతయు తిరిగి అచ్చువేయ నక్కరలేదు. పట్టిక చేతనున్నచో చదువరియే కలము పట్టి దిద్దుకొనగలడు. వేర్వేరు దేశములవారు కలిసి కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయుటకు పూనుకొన్న తొలినాళ్ళలో వారి పని నడచినది ఇట్టి పట్టికతోనే.

ప్రోగ్రాము అనగా యంత్రమునకు ఇచ్చు ఆదేశముల వరుస. మనుష్యులు చదువుటకు వీలుగా వ్రాసిన ఆ ఆదేశములకు మూలపాఠమని పేరు. దానిని ఎవరైనను చదివి, మార్చి, పంచుకొనుటకు అనుమతి గల ప్రోగ్రాములే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములు. నేడు ఏ పంక్తిని ఎవరు, ఎన్నడు, ఎందులకు మార్చిరో ‘గిట్’ అను సాధనము చూపగలదు. అయితే గిట్ పుట్టినది 2005లో. అంతకుముందు ఈ పని ఎట్లు సాగెను?

మార్పుల చరిత్రను దాచు సాధనములు అప్పటికి లేకపోలేదు. 1972లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మార్క్ రాక్‌కైండ్ ఎస్.సి.సి.ఎస్. అనుదానిని, 1980 దశకారంభమున పర్డ్యూ విశ్వవిద్యాలయములో వాల్టర్ టిచీ ఆర్.సి.ఎస్. అనుదానిని నిర్మించిరి. కాని ఒకే కంప్యూటరును వాడుకొనువారికే అవి అనువైనవి. దూరముననున్నవారు మూలపాఠమును అయస్కాంత టేపుమీదనో, మెల్లగా పనిచేయు టెలిఫోను తీగెల ద్వారానో తెప్పించుకొనవలసియుండెను. పది పంక్తులు మారినప్పుడు వేల పంక్తులను తిరిగి పంపుట వ్యర్థము. మారిన భాగమును మాత్రమే పంపుటకు ఉపాయము కావలెను.

తేడాను పట్టుట

ఆ ఉపాయములో మొదటి సగము ‘డిఫ్’ అను ప్రోగ్రాము. 1970 దశకమున బెల్ ప్రయోగశాలలో డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ దీనిని వ్రాసెను. ఇందలి గణన పద్ధతిని జేమ్స్ హంట్‌తో కలిసి 1976లో వివరించెను.

పాత ప్రతిలో క, చ, ట, త, ప అని అయిదు పంక్తులున్నవనుకొందము. కొత్త ప్రతిలో క, ట, య, త, ప అని ఉన్నవి. మొదటి పంక్తితో మొదటిదానిని, రెండవదానితో రెండవదానిని పోల్చినచో రెండవ, మూడవ పంక్తులు రెండును మారినట్లు తోచును. డిఫ్ అట్లు చేయదు. రెండింటిలోను అదే వరుసలో వచ్చు పంక్తుల గొలుసులలో అతి పొడవైనదానిని వెదకును. ఇచ్చట అది క, ట, త, ప. మిగిలినవే మార్పులు: ‘చ’ తొలగినది, ‘య’ చేరినది.

అతుకు వేయుట

పట్టిక సిద్ధమైనను దానిని చూచి చేతితో దిద్దుట విసుగైన పని, తప్పులకు తావిచ్చు పని. 1985లో లారీ వాల్ ‘ప్యాచ్’ అను ప్రోగ్రామును వ్రాసి ఆ బాధ తొలగించెను. ప్యాచ్ అనగా అతుకు. చిల్లుల కాగితపు పట్టీలపై ప్రోగ్రాములున్న కాలమున, తప్పున్నచోట కాగితపు ముక్కను అతికించి దిద్దెడివారు. ఆ వాడుకయే ఈ పేరునకు మూలము.

ఇచ్చట ఒక చిక్కున్నది. రెండవ కూర్పునకు వేసిన తప్పొప్పుల పట్టిక మొదటి కూర్పునకు సరిపోదు. పుటలు, పంక్తులు జరిగిపోవును. అట్లే పంపినవాని ప్రతికిని అందుకొన్నవాని ప్రతికిని భేదమున్నచో పంక్తి సంఖ్య అక్కరకు రాదు. అందుచేత మారిన పంక్తితోపాటు దాని పైనున్న, క్రిందనున్న పంక్తులు కొన్ని చేర్చి పంపు పద్ధతి వచ్చినది. ఒక పాఠశాల కాలపట్టికలోని మార్పును ఇట్లు చూపవచ్చును:

   మొదటి గంట: గణితము
–  రెండవ గంట: చరిత్ర
+  రెండవ గంట: భౌతికశాస్త్రము
   మూడవ గంట: తెలుగు

‘–’ గుర్తుగల పంక్తిని తీసివేసి, ‘+’ గుర్తుగల పంక్తిని చేర్చవలెనని దీని భావము. గుర్తులేని పంక్తులు ఆనవాళ్ళు. చెప్పినచోట ఆనవాళ్ళు కనబడనిచో ప్యాచ్ పైకి క్రిందికి వెదకును. అప్పటికిని దొరకనిచో అంచులలోని ఆనవాళ్ళను ఒకటి రెండు విడిచి మరల చూచును. అదియు విఫలమైనచో ఆ సవరణను వేరొక ఫైలులో వ్రాసి మనుష్యునికి వదలివేయును. వేసిన అతుకును వెనుకకు తీయుటకును వీలు కలదు.

అతుకులతో పెరిగిన పనులు

1994లో అమెరికాలోని ఎన్.సి.ఎస్.ఏ. సంస్థవారి వెబ్ సర్వరును వ్రాసిన రాబ్ మెక్‌కూల్ అచ్చటినుండి వెడలిపోగా, దాని అభివృద్ధి కుంటుపడెను. దానిని వాడువారు తమ తమ సవరణలు తామే చేసికొనిరి. వారిలో కొందరు 1995లో ఆ అతుకులన్నిటిని ఒకచోట చేర్చి ‘అపాచీ’ సర్వరును వెలువరించిరి.

1991లో ఫిన్లండు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ చరిత్రయు ఇట్టిదే. దాదాపు పది సంవత్సరములు సవరణలు ఎలక్ట్రానిక్ తపాలాలో వచ్చెడివి. ఆయన ఒక్కొక్కదానిని చదివి, నచ్చినదానిని తన ప్రతిలో చేర్చి, కొంతకాలమునకు కొత్త ప్రతిని విడుదల చేసెడివాడు.

ఈ పద్ధతికి రెండు లోపములు. మొదటిది, అందరి సవరణలు ఒక్కని చేతిమీదుగా పోవలెను. 1998 నాటికి ఆ భారము మితిమీరి, పంపిన సవరణలు జవాబు లేకయే జారిపోవుచున్నవని సహకారులు వాపోయిరి. రెండవది, విడుదలైన ప్రతులు మిగిలెను గాని, వాటి నడుమ ఏ పంక్తి ఎందులకు మారెనో క్రమముగా నమోదు కాలేదు. డిక్ గ్రూన్ 1986లో మొదలిడిన సి.వి.ఎస్. అను సాధనమును అనేక బృందములు వాడుకొన్నను టోర్వాల్డ్స్ దానిని అంగీకరింపలేదు. 2002లో బిట్‌కీపర్ అను వాణిజ్య సాధనమును చేపట్టెను. 2005లో దానిని ఉచితముగా వాడు వీలు పోగా, తానే గిట్‌ను వ్రాసెను. అందుచేతనే లినక్స్ ప్రధాన గిట్ భాండారములో చరిత్ర 2005 నుండియే కనబడును.

అయినను అతుకు మాయమైపోలేదు. లినక్స్‌కు నేటికిని సవరణలు తపాలాలో ఆ రూపముననే వచ్చుచున్నవి; గిట్ చూపు తేడాలోను ఆ ‘+’, ‘–’ గుర్తులే ఉన్నవి.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో సులభముగా చేసి చూపవచ్చును. ఒక పేరాను ఇద్దరు విద్యార్థులకిచ్చి, ఒకనిచేత మూడు మార్పులు చేయించి, పట్టికను మాత్రమే రెండవవానికి అందింపవలెను. తరువాత రెండవవాని ప్రతిలో పైన రెండు పంక్తులు చేర్చి, మరల ప్రయత్నింపజేయవలెను. పంక్తి సంఖ్యను నమ్మినవాడు తప్పును. ఆనవాళ్ళను చూచినవాడు సరిగా దిద్దును.