చాడీ వేరు, మొర వేరు

మన పాఠశాలకు వచ్చు తల్లిదండ్రులు అడుగు ప్రశ్నలు మాకు చిరపరిచితములు. లెక్కలలో మార్కులెన్ని, తెలుగు దస్తూరి కుదిరినదా, ఈ రాష్ట్రపు భాషయందు వెనుకబడలేదు గదా అని అడుగుదురు. అవి అడుగవలసిన ప్రశ్నలే. కాని “మా బిడ్డను ఎవరైనను ఏడిపించుచున్నారా? మా బిడ్డ ఎవరినైనను ఏడిపించుచున్నాడా?” అని అడుగువారు మిక్కిలి అరుదు. ఆ ప్రశ్నను ఈ సంచికలో మేమే తల్లిదండ్రుల ముందుంచుచున్నాము.

బాల్యమున చిన్న చిన్న తగవులు సహజములు. ఉదయము పోట్లాడుకొని మధ్యాహ్నము ఒకే డబ్బాలోని పులిహోర పంచుకొను పిల్లలను చూచి ఎవరును భయపడనక్కరలేదు. వేధింపు అనునది వేరు. స్వీడనులో పుట్టి నార్వేలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు డాన్ ఓల్వేయస్ 1970 దశకమునుండి ఈ విషయమును పరిశోధించి, దీనిని గుర్తించుటకు మూడు లక్షణములు చెప్పెను. నొప్పింపవలెనను ఉద్దేశము ఉండుట. అది మరల మరల జరుగుట. ఇరుపక్షముల బలము సమానము కాకుండుట. బలమనగా కండబలమే కానక్కరలేదు. పదిమంది ఒకవైపు, ఒక్కడు ఒకవైపు నిలిచినచో అది అసమానమే. అందరును ధారాళముగా మాట్లాడు భాష తన నోట సరిగా పలుకనిచో అదియు అసమానమే.

ఈ కడపటి మాట మనకు ప్రత్యేకముగా వర్తించును. తరతరములుగా ఇచ్చట స్థిరపడిన మన పిల్లలు రెండు వైపులనుండి నవ్వులపాలగుదురు. వీధిలోని తోటివారు వారి యాసను వెక్కిరింతురు. తమిళనాట “గొల్టి” యను ఎగతాళి మాట ఎరుగని తెలుగువారు తక్కువ. వేసవి సెలవులలో ఆంధ్రమునకో తెలంగాణమునకో పోయినచో “ఇదేమి తెలుగు?” అని బంధువుల పిల్లలు నవ్వుదురు. మన తరగతి గదులలోనే ఒక ప్రాంతపు యాసవారు మరియొక ప్రాంతపు యాసవారిని అనుకరించి నవ్వుటయు కలదు. ఇట్లు నవ్వులపాలైన బిడ్డ నేర్చుకొను పాఠము ఒక్కటే: నోరు విప్పకుండుట. తెలుగు నిలువవలెనని ఇన్ని కష్టములకోర్చి బడి నడపుకొనుచున్న మనకు ఇంతకంటె నష్టమేమి కలదు?

పూర్వము ఈ వెక్కిరింత చివరి గంటతో ముగిసెడిది. ఇప్పుడు సెల్‌ఫోనుతో పాటు ఇంటికి వచ్చుచున్నది. ఒక బాలిక సభలో పద్యము చదువుచు తడబడినదనుకొనుడు. ఎవరో దానిని వీడియో తీసి, వెకిలి నవ్వులు చేర్చి, తరగతి పిల్లల వాట్సాప్ గ్రూపులో పెట్టిరి. ఆమె ఇల్లు చేరులోగానే తరగతి అంతయు చూచినది. భోజనమువేళ అదే నవ్వు, నిద్రవేళ అదే నవ్వు. ఒకరు తుడిచివేసినను వేరొకరి ఫోనులో మిగిలియుండును. పంపినవాడు ఆమె కన్నీరు కన్నులార చూడడు గనుక వానికి జాలి పుట్టదు. మారుపేరుతో పంపినచో వాడెవడో కూడ తెలియదు. సైబర్ వేధింపు అనునది ఇదియే.

అయినను పిల్లలు ఇంట చెప్పరేమి? ముఖ్యముగా రెండు కారణములు. “చాడీలు చెప్పకు” అని మనమే నేర్పియుండుట ఒకటి. చెప్పినచో ముందుగా తమ ఫోనునే లాగుకొందురను భయము రెండవది. ఏడిపించినవాని ఫోను వానియొద్దనే యుండును; మొరపెట్టుకొన్న బిడ్డ ఫోను బీరువా చేరును. ఇక రెండవసారి ఆ బిడ్డ మనయొద్దకు వచ్చునా?

కావున చాడీకిని మొరకును గల భేదమును పిల్లలకు విడమరచి చెప్పవలెను. ఎదుటివానిని తిట్టించుటకో కొట్టించుటకో చెప్పునది చాడీ. ఆపదలోనున్నవారిని కాపాడుటకు చెప్పునది మొర. తన కొరకు చెప్పినను, ప్రక్క బల్ల మీది వాని కొరకు చెప్పినను అది మొరయే.

తోటివారు నోరు విప్పినచో ఏమగునో కెనడా దేశపు విద్యార్థులు చూపిరి. 2007లో నోవాస్కోషియా రాష్ట్రమున ఒక గ్రామీణ ఉన్నత పాఠశాలలో, తొమ్మిదవ తరగతిలో క్రొత్తగా చేరిన బాలుడొకడు గులాబిరంగు చొక్కా ధరించినందుకు కొందరు వానిని ఎగతాళి చేసి బెదిరించిరి. ఆ సంగతి విన్న పండ్రెండవ తరగతి విద్యార్థులు డేవిడ్ షెపర్డ్, ట్రావిస్ ప్రైస్ అనువారు ఏబది గులాబిరంగు చొక్కాలు కొని తెచ్చి మిత్రులకు పంచిరి. తక్కినవారికి ఇంటర్నెట్ ద్వారా కబురు పంపిరి. మరునాడు వందలాది విద్యార్థులు ఆ రంగు ధరించి బడికి వచ్చిరి. వారు ఎవరిని కొట్టలేదు, తిట్టలేదు. ఆ బాలుడు ఒంటరి కాడని మాత్రము అందరికిని తెలియజేసిరి. నేడు ఆ దేశమున ఫిబ్రవరి మాసములో ఒక దినమును దీనికై పాటించుచున్నారు. పిల్లలను వేధించుటకు వాడబడు సాధనమే అచ్చట వారిని ఆదుకొనుటకు పనికివచ్చినదని గమనింపుడు.

ఇంట మనము చేయవలసినవి కొన్ని కలవు. బిడ్డ చెప్పునది తుదివరకు వినుడు, “నీవేమి చేసితివి?” అనునది మొదటి ప్రశ్న కారాదు. ఫోను లాగుకొనమని ముందే మాట ఇండు. వచ్చిన సందేశములను తుడిచివేయక, తేదీ కనబడునట్లు స్క్రీన్‌షాట్ తీసి యుంచుడు. మారుతిట్లు పంపనీయకుడు, పంపినవారిని బ్లాక్ చేయింపుడు. ఎదుటివారి గుమ్మము ముందు జగడమునకు పోక తరగతి ఉపాధ్యాయునితో మాట్లాడుడు. బెదిరింపులు, అసభ్య చిత్రములు వచ్చినచో పోలీసులకు గాని, కేంద్ర ప్రభుత్వపు సైబర్ నేరముల పోర్టలునకు గాని ఫిర్యాదు చేయవచ్చును. ఆపదలోనున్న బాలల కొరకు 1098 నంబరు కలదు. బిడ్డ తిండి, నిద్ర మాని ముభావముగా నున్నచో 14416 నంబరున టెలిమానస్ సలహాదారులతో మాట్లాడవచ్చును. బ్రతుకుట ఎందులకను మాట బిడ్డ నోట వచ్చినచో ఒక్క దినమైనను జాగు చేయక వైద్యునియొద్దకు కొనిపొండు.

చేదైన మాట మరియొకటి. ఫిర్యాదు ఏనాడైన మన బిడ్డ మీదనే రావచ్చును. అప్పుడు “సరదాకు చేసినాడు” అని త్రోసివేయక, తప్పు ఒప్పించి, క్షమాపణ చెప్పింపవలెను. పెండ్లి పందిళ్లలో ఇతరుల యాసను, రంగును, పేదరికమును పరిహసించునది మనమే గదా! పెద్దల నోట విన్నదే పిల్లలు ఫోనులో వ్రాయుదురు.

నేటి రాత్రి భోజనమువేళ మార్కుల సంగతి ఒక ప్రక్కన పెట్టి, “బడిలో ఎవరైనను ఒంటరిగా కూర్చొనుచున్నారా?” అని మీ బిడ్డను అడుగుడు. బదులు వెంటనే రాకపోవచ్చును. మరునాడును అడుగుడు. వినువారు కలరని తెలిసిననాడు బిడ్డ తప్పక చెప్పునని మా విశ్వాసము.