జెరూసలేంలో రబ్బీ విద్యార్థి చదువు

యూదుల మత గురువును 'రబ్బీ' అంటారు. హీబ్రూ భాషలో ఆ మాటకు 'నా గురువు' అని అర్థం. పూర్వం యూదుల దేవాలయంలో పూజారి పదవి వంశపారంపర్యంగా వచ్చేది. రబ్బీ స్థానం మాత్రం చదువుతోనే వస్తుంది. ధర్మశాస్త్రం చదివి, అడిగినవారికి అర్థం విడమరచి చెప్పి, పెళ్లికీ చావుకీ జనం పక్కన నిలబడడం రబ్బీ పని.

యూదులంటే మనలో చాలామందికి బైబిలు కథల్లోని వారే. కానీ గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో 'బెనె ఎఫ్రాయీం' అనే చిన్న సమూహం ఉంది. మాదిగ కుటుంబాల నుంచి వచ్చిన వీరు తాము ఇజ్రాయెల్ వంశీకులమని చెప్పుకుంటారు, సబ్బాతు పాటిస్తారు. వీరి మీద 2013లో ఇంగ్లీషులో ఒక పరిశోధన గ్రంథం కూడా వెలువడింది. కాబట్టి ఈ విషయం మనకు మరీ దూరమైనది కాదు.

అమెరికాలోని సిన్సినాటి నగరంలో 1875లో హీబ్రూ యూనియన్ కాలేజీ ప్రారంభమైంది. యూదుల్లో సంస్కరణవాదులు స్థాపించిన రబ్బీల విద్యాలయం ఇది. 1972లో శాలీ ప్రీసాండ్ అనే ఆమెకు రబ్బీ పట్టా ఇచ్చింది ఈ కాలేజీయే. అమెరికాలో అలా పట్టా పొందిన మొదటి మహిళ ఆమె. సంప్రదాయవాదులు చాలామంది మహిళా రబ్బీలను ఇప్పటికీ ఒప్పుకోరు. ఈ కాలేజీ 1963లో జెరూసలేంలో ఒక శాఖను తెరిచింది. రబ్బీ విద్యార్థులు మొదటి సంవత్సరం అక్కడే చదవాలనే పద్ధతి 1970లో మొదలైంది.

అలా వెళ్లినవారు అప్పటికే డిగ్రీ చదివినవారు. ఇంగ్లీషులో అనర్గళంగా మాట్లాడగలిగినవారు. జెరూసలేంలో దిగగానే బస్సు బోర్డు దగ్గర కూడా కూడబలుక్కోవాలి. హీబ్రూలో 22 అక్షరాలు, రాత కుడి నుంచి ఎడమకు. మామూలు రాతలో అచ్చుల గుర్తులు పెట్టరు, కాబట్టి మాట ముందే తెలిసి ఉంటే తప్ప సరిగా చదవలేరు. అందుకని 'ఉల్పాన్' అనే భాషా తరగతులతో చదువు మొదలవుతుంది.

అక్కడ వారం ఆదివారంతో ప్రారంభం. ఉదయం ప్రార్థన, తరువాత తరగతులు. సోమ, గురువారాల్లో ప్రార్థనతోపాటు తోరా చదువుతారు. ఇద్దరు ముగ్గురు కలిసి ఇల్లు అద్దెకు తీసుకుని వండుకుంటారు. ఆహార నియమం పాటించేవారు మాంసాన్నీ పాల పదార్థాలనూ కలిపి తినరు. శుక్రవారం మధ్యాహ్నం మహానే యెహూదా బజారు మన సంత లాగే కిక్కిరిసిపోతుంది. పొద్దుగూకే ముందు సైరన్ మోగుతుంది. అంతటితో యూదుల వాడల్లో బస్సులు ఆగిపోతాయి, దుకాణాలు మూసేస్తారు. శనివారం రాత్రి చుక్కలు పొడిచేదాకా విశ్రాంతి. 2023 అక్టోబరు 7 దాడి, ఆ తరువాతి గాజా యుద్ధం వల్ల అక్కడి విద్యార్థులకు ఇంకో సైరన్ కూడా అలవాటైంది. అది మోగితే పుస్తకం వదిలి రక్షణ గదిలోకి పరుగెత్తాలి. అదే నగరంలో పాలస్తీనీయులూ ఉన్నారు. వారి కష్టం కూడా తెలుసుకోవాలని వెస్ట్ బ్యాంకు వెళ్లి చూసి వచ్చే విద్యార్థులూ ఉన్నారు.

ఇక అసలు చదువు తాల్ముద్. ఇది 2,711 పత్రాల మహాగ్రంథం. ఎక్కువ భాగం అరమాయిక్ భాషలో ఉంటుంది. పేజీ మధ్యలో మూలం, ఒక పక్క ఫ్రాన్సుకు చెందిన రాషీ (1040–1105) వ్యాఖ్యానం, ఇంకో పక్క ఆయన తరువాతి పండితుల వ్యాఖ్యలు. హిల్లెల్, షమ్మాయి అనే ఇద్దరు గురువుల శిష్యులకు అనేక విషయాల్లో వాదం జరిగింది. ఎక్కువగా హిల్లెల్ పక్షమే నిలిచింది. అయినా ఓడిన పక్షం మాటలను కొట్టివేయకుండా పక్కనే రాసి ఉంచారు.

ఈ గ్రంథాన్ని ఒంటరిగా చదవరు. ఇద్దరిద్దరు జోడీగా ఎదురెదురుగా కూర్చుని చదువుతారు. దీని పేరు 'హవ్రూతా', అంటే స్నేహం. ఒకరు ఒక వాక్యం పైకి చదివి అర్థం చెప్పాలి. రెండోవారు "ఎందుకలా?" అని అడగాలి. జవాబు దొరక్కపోతే ఇద్దరూ కలిసి నిఘంటువు తిరగేయాలి. ఆ తరువాతే గురువు దగ్గరకు వెళ్లాలి. అందువల్ల వారి పఠన మందిరం మన గ్రంథాలయంలా నిశ్శబ్దంగా ఉండదు, గోలగోలగా ఉంటుంది. తెలియదని చెప్పడానికి అక్కడ సిగ్గుపడనక్కరలేదు, ఎదుటివారికీ తెలియదు కనుక.

తమ్ముళ్లూ, ఇది మనకు ఎందుకు అవసరమో చెబుతాను. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాడిని నేనే. అమ్మానాన్నలు కూలి పనికి వెళ్లేవారు. ఇంటర్ వరకు తెలుగు మీడియం, ఆపైన ఒక్కసారిగా ఇంగ్లీషు పాఠాలు. ఆ దెబ్బకు నాతో చదివినవారిలో కొందరు మొదటి సంవత్సరంలోనే మానేశారు. వారికి తెలివి లేక కాదు, అడగడానికి పక్కన మనిషి లేక. పీజీలో నేనూ నా రూమ్మేటూ రోజూ ఎకనామిక్స్ పుస్తకంలో ఒక పేరా పైకి చదివి, తెలుగులో ఒకరికొకరు చెప్పుకున్నాం. నెమ్మదిగా సాగినా పుస్తకం పూర్తయింది. హవ్రూతా పేరు అప్పటికి మాకు తెలియదు.

రబ్బీ విద్యార్థులు జోడీ కోసం వెతుక్కోవాలి. మనకు ఆ బాధ లేదు, ఒకే హాలులో పక్కపక్కనే పడుకుంటున్నాం. స్టడీ అవర్‌లో ఒక గంట మౌనంగా, ఒక గంట జోడీగా చదవండి. పదో తరగతి వారు తొమ్మిదో తరగతి వారిని, ఇంగ్లీషు వచ్చినవారు లెక్కలు వచ్చినవారిని జోడీగా తీసుకోండి. వార్డెన్ గారిని అడిగితే గోలకు అనుమతి ఇస్తారనే నమ్ముతున్నాను. వచ్చే వార్షికోత్సవానికి ఈ హాస్టల్ నుంచి ఒక్కరు కూడా మధ్యలో చదువు మానలేదని ఈ పత్రికలో చదవాలని నా కోరిక.