హేడ్రియన్ గోడ వెంట ఒక పగలు

ఉత్తర ఇంగ్లండులోని హౌస్‌స్టెడ్స్ కోట నుండి ఉదయాన పడమటి దిక్కుగా బయలుదేరే బాటసారిని మొదట పలకరించేది చలిగాలి. దక్షిణాన గొర్రెలు మేసే పచ్చికబయళ్ళు. ఉత్తరాన నిట్టనిలువుగా దిగిపోయే నల్లరాతి చరియ. ఆ చరియ అంచునే, కొండతోపాటు ఎక్కుతూ దిగుతూ, రోమనుల గోడ కనుచూపుమేర సాగిపోతుంది.

క్రీ.శ. 122లో బ్రిటన్‌కు వచ్చిన హేడ్రియన్ చక్రవర్తి ఆజ్ఞపై మూడు రోమను సేనలు ఈ గోడను నిర్మించాయి. తూర్పు తీరం నుండి పడమటి తీరం వరకు దాని పొడవు సుమారు 117 కిలోమీటర్లు. రోమను మైలుకొక చిన్నకోట, ప్రతి రెండు చిన్నకోటల నడుమ రెండేసి బురుజులు. హౌస్‌స్టెడ్స్‌లో కాపలా కాసినవారు నేటి బెల్జియం ప్రాంతం నుండి వచ్చిన టుంగ్రియనులు. ఆ కోటలో సేనాధిపతి భవనం కన్న సైనికుల మరుగుదొడ్లే సందర్శకుని ఎక్కువసేపు నిలబెడితే ఆశ్చర్యపడనక్కరలేదు. వాననీటితో కడిగే కాలువ, వరుసగా కూర్చునే ఏర్పాటు నేటికీ స్పష్టంగా గుర్తుపట్టవచ్చును.

ఐదవ శతాబ్ది ఆరంభంలో రోమనుల పాలన ముగిసిన పిమ్మట గోడను కరిగించినవారు శత్రువులు కారు, ఇరుగుపొరుగువారే. చెక్కిన రాయి చేతికందుతూ ఉండగా గని తవ్వేదెవరు? చర్చీలు, కొట్టాలు, పొలాల గట్లు అన్నీ ఆ రాతితోనే లేచాయి. 1745 తిరుగుబాటు కాలంలో న్యూకాసిల్‌లోని ప్రభుత్వ సేన తగిన దారిలేక సకాలంలో కార్లైల్ చేరలేకపోయింది. ఆ లోటు తీర్చడానికి తరువాతి దశాబ్దంలో సైనిక మార్గం వేసినపుడు తూర్పు భాగంలో గోడను చాలామేరకు పడగొట్టి రోడ్డు కింద పరిచారు.

1801లో విలియం హట్టన్ అనే 78 ఏళ్ళ వృద్ధుడు బర్మింగ్‌హామ్ నుండి కాలినడకన వచ్చి గోడ పొడవునా నడిచాడు. ఒకచోట భూస్వామి తన ఇంటికోసం గోడను విప్పించుతుండగా చూసి, ఆపవలసిందని అక్కడి పనివానితో కబురంపాడు. ఆ చోట మిగిలిన గోడముక్క నేటికీ నిలిచి ఉంది.

కబుర్లతో ఆగే పని కాదని గ్రహించినవాడు న్యూకాసిల్ పట్టణ గుమాస్తా జాన్ క్లేటన్. 1890లో మరణించేవరకు ఆయన గోడ ఉన్న భూములను ఒక్కొక్కటిగా కొంటూపోయాడు. పడిన రాళ్ళను కూలీలచేత ఏరించి తిరిగి పేర్పించాడు. కనుక ఈ దారిలో బాటసారి చేయి ఆన్చే రాళ్ళు రోమనులవే అయినా, చాలాచోట్ల వాటిని పేర్చిన చేతులు పందొమ్మిదవ శతాబ్దివి. పండితులకిది కొంత చిక్కే. కాని ఆయన కొనకపోయినట్లయితే ఆ చిక్కుకు కూడా ఏమీ మిగిలేది కాదు.

క్రాగ్ లాఖ్ అనే చిన్న సరస్సు పైగా నడిచి కొండ దిగితే రెండు గుట్టల నడుమ పల్లం వస్తుంది. అక్కడ ఒంటరిగా ఒక సికమోర్ చెట్టు ఉండేది. దాన్ని నాటించినది కూడా క్లేటనే అంటారు. 1991 నాటి రాబిన్‌హుడ్ చిత్రంతో లోకమంతటికీ పరిచయమైన ఆ చెట్టును 2023 సెప్టెంబరు 27 అర్ధరాత్రి దాటాక ఇద్దరు మనుషులు రంపంతో కోసివేశారు. చెట్టు గోడమీద పడింది. నూరేళ్ళకు పైగా పెరిగినదానికి కొద్ది నిమిషాలు చాలాయి. 2025లో న్యాయస్థానం వారికి తలా నాలుగేళ్ళ మూడు నెలల శిక్ష విధించింది. 2024 వేసవిలో మోడు నుండి చిగుళ్ళు వచ్చాయి. ఇప్పుడు బాటసారులు ఆ మోడు దగ్గర ఆగుతారు.

సాయంకాలానికి స్టీల్ రిగ్ చేరి, దక్షిణంగా దిగితే విండొలాండా కోట. గోడ కన్న ముందునుండే ఉన్న కోట ఇది. 1973లో రాబిన్ బిర్లీ ఇక్కడి తడినేలలో పలుచని చెక్కముక్కలను కనుగొన్నాడు. వాటిమీద సిరాతో రాసిన ఉత్తరాలు, జాబితాలు! గాలి సోకని బురద పందొమ్మిది వందల ఏళ్ళు వాటిని కాపాడింది. ఒక అధికారి భార్య తన పుట్టినరోజుకు రమ్మని స్నేహితురాలిని పిలుస్తుంది. ఇంకొకరు సైనికునికి మేజోళ్ళు, రెండు లోదుస్తులు పంపినట్లు రాస్తారు. ఒక పద్దులో గాంబాక్స్ అనేవాని పేరిట రెండు దినారాలకు మిరియాలు రాసి ఉన్నాయి. ఆ రోజుల్లో రోమనుల మిరియాలు మన మలబారు తీరానివే. ఓడలెక్కి, ఎర్రసముద్రం దాటి, ఈజిప్టు మీదుగా అవి ఈ చలిగుట్టల నడుమ గాంబాక్స్ కూరలోకి చేరాయి.