టైమింగు తప్పకుండా డిస్ట్రిబ్యూటరును జరపడం ఎలా?

మన హాస్టల్లో చదివి బయటికి వెళ్ళినవాళ్ళలో లారీ షెడ్డుల్లో పనిచేస్తున్నవాళ్ళు తక్కువేమీ కాదు. కానీ వార్షికోత్సవ సంచికలో వాళ్ళకు పనికొచ్చే వ్యాసం ఒక్కటీ రాలేదని నరసరావుపేటలో మాతో చదివిన ఒక మిత్రుడు దెప్పిపొడిచాడు. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసి షెడ్డులో చేరినవాడతడు. ఈ వ్యాసం అతని షెడ్డులో మేము ముగ్గురం రెండు రోజులు చేతులు నల్లగా చేసుకుని నేర్చుకున్న సంగతి. ఐ.టి.ఐ. వైపు వెళ్ళే తమ్ముళ్ళు దీన్ని కాస్త నిదానంగా చదవాలి.

శివరాత్రికి ముందు ఒక యజమాని తన తాతగారి కాలం నాటి షెవర్లె లారీని ఆ షెడ్డుకు తెచ్చాడు. కోటప్పకొండ తిరునాళ్ళకు ప్రభతోపాటు దాన్ని కూడా నడిపించాలని అతని కోరిక. పని మా మిత్రుడికి అప్పగించారు. అంత పాత బండి అతనికి ఒంటిచేత్తో ఇవ్వడం అదే మొదటిసారి. కుదిరితే మేస్త్రి అవుతాడు, కుదరకపోతే మళ్ళీ స్పానర్లు అందించే పనే.

ఈ రోజుల్లో లారీ అంటే డీజిలే కాబట్టి చాలామంది దానిలో డిస్ట్రిబ్యూటరు చూసి ఉండరు. ఒకప్పుడు పెట్రోలు లారీలే ఎక్కువ. జనరల్ మోటార్స్ కంపెనీ 1928లో బొంబాయిలో ఫ్యాక్టరీ పెట్టి షెవర్లె కార్లు, లారీలు బిగించి అమ్మింది. 1954లో మూసేసింది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక సైన్యం వదిలించుకున్న లారీలు కూడా మన రోడ్ల మీదికి వచ్చాయి. ఆ షెవర్లెలో ఆరు సిలిండర్లు వరుసగా ఉంటాయి. బ్యాటరీ 6 వోల్టులే. ఆ 6 వోల్టులను కాయిల్ వేల వోల్టులుగా మారుస్తుంది. అలా పుట్టిన కరెంటును ఏ సిలిండరుకు ఎప్పుడు పంపాలో చూసేదే డిస్ట్రిబ్యూటరు.

దీని పని మన మెస్సులో వడ్డన లాంటిదే. ఆరుగురు గుండ్రంగా కూర్చున్నారు. మధ్యలో నిలబడి గరిటె తిప్పుతున్న అన్న రోటరు. ముందున్న ఆరు కంచాలు మూత మీది ఆరు గూళ్ళు. కూర్చున్నవాళ్ళు రోల్ నంబరు ప్రకారం ఉండరు. 1-5-3-6-2-4 అనే వరుసలో ఉంటారు, అదే ఆ ఇంజను పేలే వరుస. గరిటె తిరిగితే సరిపోదు, సరిగ్గా కంచం ఎదురుగా ఉన్నప్పుడే కూర పడాలి. ఆ క్షణాన్ని నిర్ణయించేవి లోపలి పాయింట్లు. రోటరు కిందనే ఆరు మూలలున్న క్యామ్ తిరుగుతుంటుంది. ఒక్కో మూల తగిలినప్పుడు పాయింట్లు విడిపోతాయి, విడిపోయిన క్షణమే స్పార్కు పుడుతుంది.

క్రాంకు రెండు చుట్లు తిరిగితే డిస్ట్రిబ్యూటరు ఒక్క చుట్టు తిరుగుతుంది. ఆ ఒక్క చుట్టులో ఆరు స్పార్కులు, అంటే 60 డిగ్రీలకు ఒకటి. ఇంజను నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 75 స్పార్కులన్నమాట. ఇక్కడ ఒక డిగ్రీ తప్పితే క్రాంకు దగ్గర రెండు డిగ్రీలు తప్పినట్టే. పెట్రోలు ఆవిరి అంటుకుని పూర్తిగా మండడానికి కొంచెం సమయం పడుతుంది కాబట్టి పిస్టన్ పైకి చేరకముందే స్పార్కు ఇవ్వాలి. మరీ ముందుగా ఇస్తే ఇంజను టకటకా కొట్టుకుంటుంది. ఆలస్యంగా ఇస్తే బండి లాగదు, వేడెక్కిపోతుంది.

అసలు చిక్కు ఏమిటంటే పాత డిస్ట్రిబ్యూటరు షాఫ్టు అరిగి ఊగుతోంది. పాత సామాన్ల కొట్టులో అదే ఇంజనుకు సరిపోయే మరొకటి దొరికింది గాని, అది వేరే ఏడాది మోడల్. దాని పక్కన ఉండే వ్యాక్యూమ్ డబ్బా, అంటే ఇంజను పీల్పును బట్టి టైమింగును ముందుకు జరిపే గుండ్రటి డబ్బా, పక్కనే పోతున్న పెట్రోలు పైపుకు తగిలింది. టైమింగు కోసం బాడీని కాస్త తిప్పుదామంటే జాగా లేదు. పైపు వంచుదామని యజమాని అన్నాడు. వేడి ఇంజను పక్కన పెట్రోలు పైపుతో అలాంటి పనులు మంచివి కావు.

అప్పుడు షెడ్డు మేస్త్రిగారు కుర్చీలోంచి లేవకుండానే, "ఏందిరా, అట్టా చూస్తా ఉండారు? బాడీని ఒక గూడు తిప్పండి, వైర్లను ఒక గూడు మార్చండి" అన్నారు. మా మిత్రుడికి ఈ మాట ముందే తెలుసు, ఎందుకు పనిచేస్తుందో తెలియదు. డిగ్రీల లెక్క మాకు తెలుసు, స్పానరు ఎటు తిప్పాలో తెలియదు. ఇద్దరం కలిస్తే గాని విషయం తేలలేదు.

క్యామ్‌కు ఆరు మూలలున్నాయి కదా. బాడీని కచ్చితంగా 60 డిగ్రీలు తిప్పితే పాయింట్లు ఒక మూలకు బదులు దాని పక్క మూలకు ఎదురుగా వస్తాయి. అవి విడిపోయే క్షణం మాత్రం మారదు. రోటరును మనం ముట్టుకోలేదు, అది ఇంజనుతో కలిసి ఉన్నచోటే ఉంది. మారిందల్లా మూత. రోటరు ఎదురుగా ఇదివరకున్న గూడు పక్కకు పోయి వేరే గూడు వచ్చింది. కాబట్టి వైర్లను ఒక్కో గూడు జరిపితే అంతా మళ్ళీ మొదటిలాగే ఉంటుంది. మెస్సులో చూస్తే, కూర్చున్నవాళ్ళు కదలలేదు, వడ్డించే అన్న కదలలేదు, కంచాలు పెట్టిన చాప మాత్రం ఒక మనిషి దూరం తిరిగింది. నాలుగు సిలిండర్ల అంబాసిడర్, పెట్రోలు జీపుల్లో అయితే ఈ లెక్క 60 కాదు, 90 డిగ్రీలు.

చేసే విధానం చెబుతాం. మొదట ఇగ్నిషన్ ఆపి, మొదటి సిలిండరు ప్లగ్గు విప్పి, ఆ రంధ్రం మీద బొటనవేలు పెట్టి ఇంజనును మెల్లగా తిప్పించాలి. గాలి వేలిని బయటికి తోస్తే అది కంప్రెషన్. ఇది చూడకపోతే మోసపోతాం, ఎందుకంటే పొగ బయటికి పోయేటప్పుడు కూడా పిస్టన్ పైకే వస్తుంది. షెవర్లెలో ఫ్లైవీలుకు ఒక ఉక్కు గోళీ దిగగొట్టి ఉంటుంది. ఫ్లైవీలు పెట్టెకున్న కిటికీలోంచి ఆ గోళీ సూచికకు ఎదురుగా కనబడేదాకా తిప్పి ఆపాలి. మూత తీసి, రోటరు ముక్కు ఎటు చూస్తోందో ఇంజను మీద సుద్దతో గీత పెట్టాలి. మూత మీద కూడా ఒకటో నంబరు గూటికి గుర్తు పెట్టాలి. పాయింట్ల మధ్య సందును ఇప్పుడే సరిచేయాలి. అది అర మిల్లీమీటరు కంటే కాస్త తక్కువ ఉంటుంది. తర్వాత ముట్టుకుంటే టైమింగు మళ్ళీ మారిపోతుంది.

ఇప్పుడు కింది బిగింపు బోల్టు వదులు చేసి బాడీని 60 డిగ్రీలు తిప్పాలి. చేతి అంచనాకు అరవై సరిగ్గా రాదు కాబట్టి 6 వోల్టుల బల్బు కావాలి. బల్బు ఒక వైరును డిస్ట్రిబ్యూటరు పక్కనున్న చిన్న వైరు బిగించేచోట, రెండోదాన్ని ఇంజను ఇనుముకు తగిలించి ఇగ్నిషన్ వేయాలి. పాయింట్లు కలిసి ఉన్నంతసేపు బల్బు వెలగదు, విడిపోయిన క్షణం వెలుగుతుంది. బాడీని రోటరు తిరిగే దిక్కుకు కాస్త జరిపి, మళ్ళీ ఎదురు దిక్కుకు మెల్లగా తెస్తూ, బల్బు వెలిగినచోట ఆపి బోల్టు బిగించాలి. ఇగ్నిషన్ ఆపడం మరచిపోకూడదు.

మేము తప్పు చేసింది వైర్ల దగ్గర. బాడీని గడియారం ముల్లు తిరిగే దిక్కుకే తిప్పాం కాబట్టి మూత మీద వైర్లను దానికి ఎదురు దిక్కుకు ఒక గూడు జరపాలి. మేము బాడీ తిరిగిన దిక్కుకే జరిపాం. ఒక గూడు తప్పు రెండు గూళ్ళయింది. క్రాంకు లెక్కలో 240 డిగ్రీల ఆలస్యం. స్టార్ట్ చేయగానే సైలెన్సరులో పేలిన చప్పుడుకు పక్క కొట్టు వాళ్ళు బయటికి వచ్చారు. మిత్రుడి ముఖం చూడలేకపోయాం. లెక్క చెప్పింది మేమే మరి. మూత తీసి చూస్తే మా సుద్ద గీత అలాగే ఉంది. రోటరు ముక్కు గీత దగ్గరే ఉన్నప్పుడు దాని మీదికి వచ్చే గూటిలో ఒకటో వైరు పెట్టి, అక్కడినుంచి రోటరు తిరిగే దిక్కుకు 5-3-6-2-4 పెట్టుకుంటూ వచ్చాం. ఈసారి రెండో ప్రయత్నానికే అందుకుంది.

ఆ గీత లేకపోతే అన్నీ మొదటినుంచి వెతుక్కోవాల్సి వచ్చేది. డిస్ట్రిబ్యూటరును పూర్తిగా పైకి లాగాల్సి వస్తే గీత అవసరం ఇంకా ఎక్కువ. కింది గేరు పళ్ళు ఏటవాలుగా ఉండటం వల్ల లాగేటప్పుడు రోటరు కొంత తిరుగుతుంది. అది లాగకముందు ఎక్కడుంది, లాగాక ఎక్కడ ఆగింది, రెండుచోట్లా గీత పెట్టాలి. దించేటప్పుడు రెండో గీత దగ్గర మొదలుపెడితే మొదటి గీత దగ్గర కూర్చుంటుంది.

హ్యాండిలు గురించి మేస్త్రిగారు వేరే చెప్పారు. ఆయన కుడి మణికట్టు కాస్త వంకరగా ఉంటుంది. క్లీనరుగా ఉన్న రోజుల్లో టైమింగు మరీ ముందుకు పోయిన బండికి హ్యాండిలు కొడితే, ఇంజను వెనక్కి తన్ని ఎముక విరిగిందట. బొటనవేలిని మిగతా వేళ్ళ వైపే ఉంచి హ్యాండిలును కింది నుంచి పైకి లాగాలి, పై నుంచి కిందికి తొక్కకూడదు.

ఇక పిడుగురాళ్ళ సున్నం, మాచర్ల నాపరాళ్ళు మోసే లారీలకు డిస్ట్రిబ్యూటరు లేదు, స్పార్కూ లేదు. వాటి పాత మోడళ్ళలో ఆ పని ఫ్యూయల్ పంపుది. 1951లో బెంగుళూరులో మొదలైన మైకో కంపెనీ పేరు 2008లో బాష్‌గా మారింది. దాని పంపును షెడ్డుల్లో ఇంకా మైకో పంపు అనే అంటారు. ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజన్లలో సాధారణంగా వరుస అదే 1-5-3-6-2-4. కానీ గూడు మార్చే ఉపాయం ఇక్కడ చెల్లదు. పైపులు ఉక్కువి, ఒక్కోటి ఒక్కో చోటికే వంచి ఉంటుంది. కాబట్టి పంపు దించకముందే కప్లింగు గుర్తులు ఎదురెదురుగా తెచ్చుకుని, మళ్ళీ అలాగే బిగించాలి. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బి.ఎస్.-6 లారీల్లో సెన్సారు క్రాంకు స్థానాన్ని చూసి చెబితే డీజిల్ ఎప్పుడు చిమ్మాలో కంప్యూటరు నిర్ణయిస్తుంది.

షెవర్లె తిరునాళ్ళకు వెళ్ళి వచ్చింది. యజమాని బండికి రంగు వేయించేటప్పుడు ఇంజను మీది సుద్ద గీతను తుడవనివ్వకుండా మా మిత్రుడు దాని మీదే తెల్ల పెయింటుతో సన్నని గీత గీశాడు.