ఒళ్లు నొప్పులకు అడవి మందూ, ఆస్పత్రి మందూ

నొప్పిని చెప్పుకోవడానికి తెలుగువారికి మాటల కరువు లేదు. సలుపు వేరు, పోటు వేరు, తీపు వేరు; పీకుడు, గుంజుడు, మంట, తిమ్మిరి - దేని దారి దానిది. తీరా డాక్టరు ఎదుట కూర్చునేసరికి యిన్ని మాటలూ కలిసి "ఒళ్లు నొప్పులండీ" అనే ఒక్క ముక్కగా తేలుతాయి. ఆయన ఒక మాత్ర రాసి పంపిస్తాడు.

ఖమ్మం చేలల్లో మిరపకాయలు కోసే ఆడవాళ్లకూ, భద్రాచలం అడవుల్లో వేసవిలో తునికాకు కోసే కోయ స్త్రీలకూ ఒళ్లు నొప్పులు మామూలే. నాలుగు రోజులు నడుము వాలిస్తే తగ్గేది శ్రమ నొప్పి. అలా కాక నెలల తరబడి ఒళ్లంతా నొప్పి, ఎంతసేపు పడుకున్నా తీరని అలసట, తెల్లవారేసరికి కట్టెలా బిగుసుకున్న శరీరం, మాట మధ్యలో మరపు - యివన్నీ కలిసి వచ్చే జబ్బు ఒకటి వున్నది. దాని పేరు ఫైబ్రోమయాల్జియా. నూటికి యిద్దరు ముగ్గురికి వుంటుందని అంచనా. వారిలో ఎక్కువమంది స్త్రీలే.

చిక్కు ఏమిటంటే, రక్తపరీక్షలో గాని ఎక్స్‌రేలో గాని యిది కనిపించదు. "ఏమీ లేదన్నారుగా, లేచి వంట చూడు" అంటారు యింట్లోవాళ్లు. నొప్పికంటె ఆ మాటే ఎక్కువ బాధిస్తుంది. లోపం కండరంలో కాదు. నొప్పి కబురు మోసే నాడుల్లోనూ, దాన్ని అందుకునే మెదడులోనూ వున్నది. చిన్న కబురును పెద్దది చేసి చెప్పే పొరుగింటావిడ వంటిదనుకోండి. కబురు పెరిగిందే గాని, బాధ కల్పన కాదు సుమా!

అయితే ప్రతి నొప్పికీ యీ పేరు తగిలించరాదు. థైరాయిడ్ లోపం, కీళ్లవాతం, చికున్‌గున్యా తరువాత మిగిలిపోయే నొప్పులు - యివి కావని ముందు తేల్చుకోవాలి. మన ఏజెన్సీ ప్రాంతంలో మరొకటి మరీ ముఖ్యం: గిరిజనులలో కనిపించే సికిల్ సెల్ రక్తహీనత. అదీ ఎముకలు పగిలేటంత నొప్పి పెడుతుంది. దాని చికిత్స పూర్తిగా వేరు. 2023 జూలైలో కేంద్రప్రభుత్వం దాని నిర్మూలనకు ఒక పథకమే ప్రారంభించింది. ఆ రక్తపరీక్ష చేయించనిదే మరో పేరు పెట్టడం ప్రమాదం.

2016లో ఐరోపా కీళ్లవైద్యుల సంఘంవారు ఫైబ్రోమయాల్జియా చికిత్సలన్నిటినీ తూచి చూశారు. గట్టిగా చేయమన్నది ఒక్కటే - వ్యాయామం. మొదటి వారం పది నిమిషాల నడక చాలు. ఓపిక చూసుకుని మెల్లగా పెంచాలి. బాగున్నదని ఒక్కనాడే యిల్లంతా కడిగి, మూడు రోజులు మంచం పట్టడం మన గృహిణులకు అలవాటు. అది పనికిరాదు. రాత్రిపూట కొద్ది మోతాదులో ఎమిట్రిప్టిలిన్, లేదా ప్రెగాబలిన్, డులాక్సెటిన్ కొందరికి మేలు చేస్తాయి, కొందరికి చేయవు. స్టెరాయిడ్ల వల్ల యీ జబ్బుకు లాభం లేదు. ఊళ్లో సూదిమందు వేయించుకునేవారు అందులో ఏమున్నదో అడగాలి. పేరులేని "వాతం పొడి" కొనేవారు మరీ జాగ్రత్తపడాలి.

మరి అడవి మందు మాట? వావిలాకు వేసి కాచిన నీళ్లు పోసుకోవడం, యిప్పనూనెతో ఒళ్లు పట్టించుకోవడం యిక్కడ తరతరాలుగా వున్నవే. ఆ పూటకు హాయినిస్తాయి, నిద్ర పట్టిస్తాయి; జబ్బును పెరికివేస్తాయని మాత్రం చెప్పలేము. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి యిసుక తవ్వితే వేడినీళ్లు ఊరుతాయి. వేన్నీళ్ల స్నానం, యోగవంటి మెల్లని కదలికలు, ఆక్యుపంక్చరు ప్రయత్నించవచ్చునని ఆ సంఘంవారూ అన్నారు. వాతలు పెట్టించుకోవడం మాత్రం పుండుమీద పుండు తెచ్చుకోవడమే.

పసరు తాగుతున్న సంగతి డాక్టరుకు చెబితే కోప్పడతాడని చాలామంది దాస్తారు. కోప్పడితే పడనివ్వండి. ఆకు పేరు, ఎంత, ఎన్నాళ్లనుంచి - ఒక చీటీమీద రాసుకుని వెళ్లండి. ఆ చీటీ వెనకవైపున సలుపు ఎక్కడ, పోటు ఎక్కడ, ఏ వేళకు ఎక్కువ అన్నది కూడా రాయండి.