కనిపించని చేప చనిపోయినట్లేనా? – సాల్మన్ పిల్లల వలసను లెక్కించే విధానం

గోదావరికి వరద వచ్చినప్పుడు సముద్రం నుంచి ఎదురీదుతూ వచ్చే పులస గురించి మీరు వినే ఉంటారు. అలాగే సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదిలోకి వచ్చే మరో చేప పసిఫిక్ తీరపు సాల్మన్. పెద్ద చేపలు నది ఎక్కి రావడం కంటికి కనిపిస్తుంది. నదిలో పుట్టిన పిల్లలు సముద్రానికి దిగిపోవడం మాత్రం అంత తేలిగ్గా కంటపడదు. వాటిలో ఎన్ని ప్రాణాలతో మిగులుతున్నాయో ఎలా తెలుసుకుంటారో ఈ భాగంలో పరిశీలిద్దాం.

1. సమస్య

అమెరికా వాయవ్య ప్రాంతంలో ప్రవహించే కొలంబియా నదికి స్నేక్ నది ఉపనది. ఐడహో రాష్ట్రపు కొండవాగుల్లో పుట్టిన సాల్మన్ పిల్లలు ఈ రెండు నదుల మీది 8 ఆనకట్టలను దాటితేగాని సముద్రం చేరవు. దారిలో టర్బైన్లు, జలాశయాల్లో మందగించిన ప్రవాహం, వేటాడే చేపలు, పక్షులు – ఇలా ఎన్నో గండాలు. స్నేక్ నది సాకై సాల్మన్‌ను 1991లో అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో చేర్చారు. 1855 నాటి ఒప్పందాల ద్వారా చేపలు పట్టే హక్కును నిలుపుకున్న నెజ్ పెర్స్, యాకమా వంటి ఆదివాసీ జాతులకు ఇది బతుకుతెరువుకూ సంస్కృతికీ సంబంధించిన విషయం. ఆనకట్ట గేట్ల నుంచి ఎంత నీరు వదలాలి, పిల్లలను బార్జీల్లో తరలించాలా వద్దా అన్న నిర్ణయాలకు మనుగడ లెక్కలే ఆధారం.

2. పిట్ ట్యాగ్

1960లలో సంకేతం ఉన్న సన్నని లోహపు తీగ ముక్కను చేప ముట్టెలో అమర్చే పద్ధతి వచ్చింది. దాన్ని చదవాలంటే చేపను చంపి బయటకు తీయాలి. 1980ల చివరి నుంచి వాడుకలోకి వచ్చిన పిట్ ట్యాగ్‌కు ఆ అవసరం లేదు. ఇది సుమారు 12 మిల్లీమీటర్ల పొడవున్న గాజు గొట్టం; బియ్యపు గింజ కంటే కాస్త పెద్దది. లోపల ఒక చిప్, తీగచుట్ట ఉంటాయి, బ్యాటరీ ఉండదు. చేప యాంటెన్నా దగ్గరగా వెళ్లినప్పుడు దాని విద్యుదయస్కాంత క్షేత్రం నుంచి శక్తి పొంది, ట్యాగ్ తన సంఖ్యను తెలుపుతుంది. అందుకే కొన్నేళ్ల తరువాత చేప సముద్రం నుంచి తిరిగి వచ్చినా అది పనిచేస్తుంది.

పిల్లలను మత్తుమందు కలిపిన నీటిలో ఉంచి, పొడవు కొలిచి, సూదితో ట్యాగ్‌ను ఉదర కుహరంలోకి ఎక్కిస్తారు. అవి తేరుకున్నాక నదిలో వదులుతారు.

3. లెక్కించే విధానం

ఒక ఊహాత్మక ఉదాహరణ చూడండి. ట్యాగ్ వేసిన 1,000 పిల్లలను వదిలాం. మొదటి ఆనకట్ట యాంటెన్నా 300 చేపలను గుర్తించింది. మిగిలిన 700 చనిపోయాయా? అలా అనలేం. కొన్ని యాంటెన్నా లేని దారిలో, గేట్ల మీదుగా దాటి ఉండవచ్చు.

దిగువ ఆనకట్ట వద్ద 200 చేపలు కనిపించాయి. ఇవన్నీ మొదటి ఆనకట్టను ప్రాణాలతో దాటినవే. కాని వీటిలో 80 మాత్రమే అక్కడ నమోదయ్యాయి. అంటే మొదటి ఆనకట్ట గుర్తింపు రేటు 80/200, అంటే 40 శాతం. కాబట్టి అక్కడ దాటినవి 300 ÷ 0.40 = 750. మనుగడ రేటు 75 శాతం. చనిపోయినవి 700 కావు, సుమారు 250.

ఈ తర్కాన్ని 1964–65లో కోర్మాక్, జాలీ, సెబర్ అనే గణాంక శాస్త్రవేత్తలు పూర్తి నమూనాగా రూపొందించారు.

4. గమనించవలసిన షరతులు

మొదటి ఆనకట్ట వద్ద కనిపించినవీ కనిపించనివీ తరువాతి ప్రయాణంలో సమానంగా బతుకుతాయని ఈ లెక్క భావిస్తుంది. యాంటెన్నా ఉన్న కాలువ గుండా వచ్చిన పిల్లలు ఆ తరువాత ఎక్కువగా చనిపోతే, దిగువన అవి తక్కువగా కనిపిస్తాయి. అప్పుడు గుర్తింపు రేటు తగ్గి, మనుగడ ఉన్నదానికంటే ఎక్కువగా తేలుతుంది. అలాగే ట్యాగ్ ఊడిపోతే బతికున్న చేప కూడా చనిపోయినట్లే లెక్కకు వస్తుంది. మరీ చిన్న పిల్లలకు ట్యాగే భారం అవుతుంది కనుక వాటికి వేయరు.

కనుక ఏ సర్వేలోనైనా మనుగడ అంకె చూసినప్పుడు, గుర్తింపు రేటును ఎలా లెక్కించారో ముందుగా చూడండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

600 పిల్లలను వదిలారు. మొదటి ఆనకట్ట వద్ద 270 కనిపించాయి. దిగువన కనిపించిన 200లో 100 మొదటి చోట కూడా నమోదయ్యాయి. మొదటి ఆనకట్ట వరకు మనుగడ రేటు ఎంత?

జవాబు: గుర్తింపు రేటు 50 శాతం, దాటినవి 540, మనుగడ రేటు 90 శాతం.